ఆఖరి రీలు రాలేదన్నాను

ముందే ఒప్పేసుకుంటే తరవాత మీరు నన్ను నిలదీసే పని ఉండదు కనుక చెబుతున్నాను, నేను ఉన్నదున్నట్టు చెప్పే మనిషిని కాను. నేను తేలు అంటే మా ఇంట్లో వాళ్ళు చీమ కోసం వెతుకుతారు, జడివాన అంటే తుంపర అనుకుని గొడుగు లేకుండానే బయలుదేరతారు, పెళ్ళికి పదివేల మంది వచ్చారంటే మా ఆవిడ మూడు పంక్తుల భోజనం అని సర్దుకుంటుంది. మిల్లులో పనిచేసినవాళ్ళకు తెలుసు, పత్తి బేలు విప్పి నూలుగా చుట్టేసరికి కొంత దుమ్మయి, కొంత ఆకుముక్కలయి, ఇంకొంత ఎటు పోయిందో తెలియకుండా పోయి తూకం తగ్గుతుంది, దాన్ని ముందే మినహాయించుకుంటారు. నా మాటకు కూడా అలాంటి తరుగు వేసుకుని చదవండి. మరీ చేతికొచ్చినంత తీసేయకండి, లోపల కాస్త మంచి నూలు కూడా ఉంది.

పోయిన నెల మా పిల్లలు నన్ను కోయంబత్తూరులో ఒక మాలుకు సినిమాకని తీసుకుపోయారు. ఏవో పిల్లల పుస్తకాలను సినిమాగా తీశారట. రెక్కలున్న జంతువులు, మాట్లాడే చెట్లు, మనిషెత్తు పుట్టగొడుగులు, ముక్కు మీద నిలవని నల్ల కళ్ళద్దాలు, మధ్యలో నెలరోజుల సరుకుల ధర పెట్టి కొన్న పేలాలు, అన్నీ అయి బయటికి వస్తే మెట్ల దగ్గర కుర్రకారు ఫోన్లు పట్టుకుని వచ్చినవాళ్ళనల్లా ఎలా ఉందని అడుగుతున్నారు. ఒకామె పుస్తకమే బాగుందంది, ఆమె కొడుకు పుస్తకం ఎవరు చదివారు, సినిమానే బాగుందన్నాడు, వెనకాల ఒక పెద్దమనిషి ముగింపు మార్చి పాడుచేశారని చేతులు తిప్పుతున్నాడు. ఇంతలో ఒక పిల్ల నా గడ్డం కిందికి మైకు పెట్టి, "అంకుల్, క్లైమాక్స్ ఎప్పిడి ఇరుందదు?" అని, ముగింపు ఎలా ఉందని అరవంలో అడిగింది. దోమ కుట్టిన వైనాన్ని మూడు గంటలు చెప్పగల నాకు ఆ క్షణాన నోట మాట రాలేదు. ఆ మాలు కట్టిన నేల మీదే ఒకప్పుడు మా మిల్లు ఉండేది, అందుకే అని రాస్తే బాగుంటుంది కానీ, మా మిల్లు అక్కడికి అరమైలు దూరం. నన్ను ఆపింది ముగింపు అన్న మాట.

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. స్పిన్నింగులో నూలు నిండిన బాబిన్లు తీసి ఉత్తవి తగిలించే పని. మిల్లువాళ్ళు కట్టించిన లైను ఇళ్ళలో, ఒకే కప్పు కింద రైలుపెట్టెల్లా అంటుకుని ఉన్న గదుల్లో, అమ్మ, అన్న, వదిన, వాళ్ళ ఏడేళ్ళ పాప, నేను ఉండేవాళ్ళం. ఆ లైనంతా మనవాళ్ళే. మా తాతల తాతలు ఎప్పుడు ఇటు దిగి వచ్చారో ఎవరికీ తెలియదు కానీ, వస్తూ వస్తూ మూటలో కట్టుకొచ్చిన తెలుగును మాత్రం ఎవరూ దింపలేదు. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, మిల్లులో మిషన్ల పేర్ల వరకు ఇంగ్లీషు. బడి చదువు అరవమే కనుక తెలుగు అక్షరం ఎలా ఉంటుందో లైనులో ఒక్కరికీ తెలియదు. నేను కూడా ముప్పై దాటాక, పెళ్ళాం నవ్వుతుండగా, చిన్నపిల్లల పలక మీద నేర్చుకున్నవాడినే. మా తెలుగు నోట్లో పుట్టి చెవిలో పెరిగేది, కాగితం మొహం చూసింది కాదు.

మూడున్నరకు పొద్దుటి షిఫ్టు దిగేవాళ్ళం. అయిదింటికి లైను చివర కుళాయికి నీళ్ళు వదిలేవాళ్ళు. నాలుగు నుంచే బిందెలు వరసలో కూర్చునేవి, బిందె లేనివాళ్ళు ఒక ఇటుకరాయి పెట్టి తమ పేరు చెప్పి పోయేవాళ్ళు, ఆ రాయిని ఎవరైనా జరిపితే రాజ్యాలు కూలేంత యుద్ధం జరిగేది. ఆ గంటసేపు ఊరికే కూర్చుంటే చాడీలే కదా, అవి కూడా రోజూ కొత్తవి దొరకవు. అందుకని నేను కథలు చెప్పడం మొదలుపెట్టాను. టైలరు కొట్టు మెట్ల కింద ఒకాయన పుస్తకాలు అద్దెకిచ్చేవాడు. అక్కడే దొరికింది ఒక పిల్లల కథల వరస, అరవంలో ఏడు పలచటి పుస్తకాలు, అట్టమీద బొమ్మలు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, కళ్ళతో అరవం చదువుతూ నోటితో తెలుగు చెప్పేవాణ్ణి. పుస్తకంలోకి ఎవరూ తొంగిచూడరు కనుక వినేవాళ్ళకు అది తెలుగు పుస్తకమే. అందులో ఉన్నది మన కథే, మన భాషే, రాసిందెవరో మనవాడే అని లైనంతా నమ్మింది. నేను కాదనలేదు.

కథ ఇది. గాలిరాక్షసుడొకడు నూలు బాగా వడికే ఆడవాళ్ళను ఎత్తుకుపోయి, ఆకాశంలో తన ఇంట్లో కూర్చోబెట్టి మబ్బులను దారంగా వడికిస్తుంటాడు. మబ్బులన్నీ దారమైపోతే కింద వానలుండవు. తుంబి అనే చిన్నపిల్ల వాళ్ళమ్మను కూడా అలాగే పట్టుకుపోతాడు. ఆ పిల్ల రెక్కల ఎద్దు మీద ఎక్కి అమ్మను వెతుక్కుంటూ పోతుంది. పుస్తకంలో ఉన్నది అంతే. నా నోట్లో పడ్డాక రాక్షసుడి మీసం ఒక కొన పళని కొండ మీద, ఇంకో కొన మేలూరులో తేలింది. వాడి వాకిలికి పుస్తకంలో ఊరికే తలుపు ఉంటే, నేను తాళాలకు పేరుపడ్డ దిండిగల్‌లో చేయించిన తాళం వేయించాను, దాని తాళంచెవిని మోయడానికి ఇరవై లారీలు కావాలన్నాను. మొదటి వారం వరసలో పదిమంది ఉంటే, మూడోవారానికి పక్క లైనువాళ్ళు తమ కుళాయి వదిలేసి మా కుళాయికి వచ్చేవాళ్ళు. నీళ్ళు వచ్చాక కూడా బిందె కింద పెట్టడం మరిచిపోయి వినేవాళ్ళు. ఈ ఒక్కటీ తరుగు లేకుండా తీసుకోండి.

వదిన మిల్లులో వేస్టు గదిలో పనిచేసేది. యంత్రాల కింద రాలిన పత్తిని ఏరి, మంచిదీ చెడ్డదీ వేరుచేసే పని. ఆ గదిలో కిటికీలోంచి ఎండ పడితే ఎండ కనపడేది కాదు, తెల్లటి దూది పొగ కనపడేది. ఇంటికి వచ్చేసరికి కనురెప్పల మీద కూడా నూగు ఉండేది. పాప తన చిటికెన వేలితో దాన్ని తీసేది, అది వాళ్ళిద్దరి ఆట. రెండేళ్ళుగా ఉన్న దగ్గు ఆ ఏడు ఎండాకాలంలో ముదిరి, ఊరికి రెండు గంటల బస్సు దూరంలో ఉన్న ఛాతీజబ్బుల ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. పోయే రోజున వదిన పాపతో మందు తీసుకుని వచ్చేస్తానంది. అన్న ప్రతి ఆదివారం పోయి చూసి వచ్చేవాడు. రాగానే కాళ్ళు కడుక్కుని గోడ వైపు తిరిగి కూర్చునేవాడు.

సరిగ్గా అప్పుడే నేను ఏడో పుస్తకానికి వచ్చాను. నా అలవాటు ముందుగా చదువుకోవడం కాదు, వరసలో కూర్చుని అక్కడికక్కడ చదివి చెప్పడమే. ఆ సాయంత్రం పాప ఎప్పటిలాగే నా మోకాలికి ఆనుకుని, పుస్తకం వైపు కాక నా నోటి వైపు చూస్తోంది. ఆఖరి పుట తిప్పాను. ఎన్నో ఏళ్ళు మబ్బులు వడికి వడికి తుంబి వాళ్ళమ్మ తానే మబ్బయిపోయింది. కూతురు వచ్చి పిలిస్తే ఇక మనిషి రూపం రాదు. అందుకని రాక్షసుడి ఇల్లు కూలిపోయేలా ఒక్కసారిగా వానై, తన ఊరి మీద కురిసేసింది. తుంబి ఒక్కతే ఆ వానలో నిలబడింది. కథ అయిపోయింది.

నేను పుటవైపు చూశాను, పాపవైపు చూశాను. తరవాత అక్కడ లేనిది చదివాను. తుంబి వాళ్ళమ్మ మబ్బు మీద నుంచి దిగి, తడికొంగు పిండుకుంటూ ఇంటికి వచ్చేసింది అన్నాను. అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను! తుంబి గడపలోనే కూర్చుని ఉంది కాబట్టి సరిపోయింది, అప్పటికింకా సగం మబ్బుగానే ఉన్న ఆ తల్లికి కూతురే గుర్తు, ఆ పిల్ల గానీ గడప దిగి ఎటైనా పోయి ఉంటే, ఇల్లు పోల్చుకోలేక గాలికి కొట్టుకుపోయి ఉండేది అని కూడా జోడించాను. వరసంతా ఊపిరి వదిలింది. నూలు చుట్టే రీలింగులో పనిచేసే ఎదురింటి అత్త కళ్ళు తుడుచుకుంది. ఆమె మొగుడు, బ్లోరూములో పత్తి దులిపే మామ, ఈ రచయితకు మాల వేయాలన్నాడు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

మరుసటి ఆదివారం అన్న, పాపను కూడా తీసుకుపోదామని తలదువ్వించాడు. వదిన చూడాలంటోందట. పాప గడప మీద కూర్చుని రెండు చేతులతో తలుపుచెక్క పట్టుకుంది.

"నేను రాను. నేను ఆ బస్సులో పోతే అమ్మ ఈ బస్సులో వచ్చేస్తాది. ఇల్లు తెలీక ఎళ్ళిపోతాది."

"అట్లేమీ కాదు కన్నూ, అమ్మకు ఇల్లు తెలీదా?" అని మా అమ్మ బుజ్జగించింది.

"తుంబోళ్ళమ్మకు తెలిసిందా? సిన్నాయన సదివినాడు గదా, బుక్కులో ఉండాది."

అందరూ నావైపు చూశారు. అది నేను కల్పించినదని ఒక్క మాట అంటే సరిపోయేది. వదిన ఎలాగూ నాలుగు వారాల్లో వచ్చేస్తుంది, వస్తే నా ముగింపే నిజమవుతుంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. దాని కింద ఇంకొకటి ఉంది, ఇప్పుడైనా చెప్పాలి. లైను మొత్తం మెచ్చిన కథ అది, అందులో అందరికంటే మెచ్చిన చోటు పుస్తకంలో లేదని ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు. అన్న ఒక్కడే పోయాడు. ఆ తరవాతి ఆదివారమూ ఒక్కడే పోయాడు. వదిన ఏమందని అమ్మ అడిగితే, పాప ఎంత ఎత్తు పెరిగిందో గోడమీద గీత గీసి, దారంతో కొలిచి తెమ్మందని చెప్పాడు. కొలిచి పంపించాం.

అప్పుడొచ్చింది సినిమా. ఆ పిల్లల పుస్తకాలనే సినిమాగా తీశారని, రెక్కల ఎద్దు బొమ్మ కట్టిన జట్కా డప్పు కొట్టుకుంటూ మా లైను ముందు నుంచి పోయింది. మా కథ పడం అయిందని, అంటే సినిమా అయిందని, లైనులో పండగ. సెలవు రోజు మ్యాట్నీకి పిల్లా జెల్లా కలిసి అరవైమందిమి, పోనీ నలభైమందిమి, నడిచి బయలుదేరాం. అన్న ఆసుపత్రికి పోయాడు. పాప సినిమాకు వస్తానంది, వాళ్ళమ్మ ఎలా వస్తుందో ముందుగా చూసుకోవాలి కదా. అయితే గడప వదిలి ఎలా రావడం? పక్కింటి అవ్వను తెచ్చి మా గడపలో కూర్చోబెట్టి, అమ్మ వస్తే పిలిచి ఆపాలని రెండుసార్లు చెప్పించి మరీ వచ్చింది. అవ్వకు కళ్ళు సరిగ్గా కనపడవు. అందుకని వచ్చేవాళ్ళనందరినీ ఆపమంది.

సినిమా మొదలైన పావుగంటకే మావాళ్ళ తీర్పులు మొదలయ్యాయి. తెర మీద రాక్షసుడి ఆకాశపు ఇల్లు కనపడగానే మామ లేచి నిలబడ్డాడు.

"ఏమప్పా ఇది! మబ్బని సెప్పి పత్తి ఏలాడగట్టుండారు. అదైనా సరిగ్గా దులిపినారా? ఆకుముక్క కనపడతా ఉండాది సూడు!"

"ఊరికే కూసో, వెనకోళ్ళు తిట్తారు," అంది అత్త. ఆమెకు వేరే బాధ. "ఇంతమంది ఆడోళ్ళు వడికేది, ఒక్కరికైనా దారం తెగిందా? తెగకుండా వడికేది ఏ ఊర్లో ఉండాది? వీళ్ళకు ఒక షిఫ్టు సూపియ్యాల."

కోవిల్‌పట్టి వైపు నల్లరేగడి నేలల్లో సేద్యం చేసుకునే మా పెదనాన్న ఆ వారం చూడవచ్చి ఉన్నాడు. ఆయన రెక్కలను పట్టించుకోలేదు, ఎద్దుకు మూపురం చాలదు, ఇది ఎగిరితే ఎగరనీ గానీ గుంటక లాగదు అన్నాడు. దిండిగల్ తాళం ఏదని నలుగురు పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. పాటలు బాగున్నాయని కొందరు, రాక్షసుడి మీసం మరీ పొట్టిదని కొందరు, ఆ తుంబిగా వేసిన పిల్ల కళ్ళు చాలు, ఇంకేం కావాలని కొందరు. నాకు లోలోపల గర్వంగా ఉంది, అంత డబ్బు పోసి తీసినవాడు కూడా నా కుళాయి కథకు సరితూగలేకపోయాడని. ముగింపు దగ్గర పడేదాకా నాకు ముగింపు గుర్తు రాలేదంటే నమ్ముతారా?

తెర నిండా తెల్లటి పత్తి. అందులోకి తుంబి వాళ్ళమ్మ నడుచుకుంటూ పోయింది. మొదట చీర అంచు మాసిపోయింది, తరవాత చేతులు, ఆఖరున మొహం కూడా ఆ దూదిలో కలిసిపోయింది. పాప నా చూపుడువేలు పట్టుకుని ఉంది. ఆ పట్టు బిగుసుకోవడం నాకు తెలుస్తూనే ఉంది. వాన కురిసింది, తుంబి ఒక్కతే నిలబడింది, తెలుగు సినిమాల్లో శుభం లాగా వణక్కం అని అక్షరాలు పడ్డాయి, దీపాలు వెలిగాయి. ఊళ్ళోవాళ్ళు లేచి వెళ్ళిపోయారు. మా లైనువాళ్ళు మాత్రం ఒక్కరూ లేవలేదు. వాళ్ళమ్మ ఇంటికి వచ్చే ఘట్టం ఇంకా రాలేదు కదా, వస్తుందని కూర్చున్నారు. ఊడ్చేవాడు చీపురు పట్టుకుని వచ్చి, మమ్మల్ని చూసి పోయి, మేనేజరును పిలుచుకొచ్చాడు.

ఆయన అరవంలో పడం అయిపోయింది, బయలుదేరండి అన్నాడు. అమ్మ కొంగు దోపుకుని లేచింది.

"అయిపోలేదు. ఆయమ్మ ఇంటికి వచ్చేది సూపియ్యలేదే! ఆఖరి రీలు ఎత్తి దాచిపెట్టుకుని మాకు వణక్కమా? మాది తెలుగు కత సామీ, మాకు తెలీదా?"

వెనక నుంచి మామ, అత్త, పెదనాన్న, రీలు, రీలు అని అరిచారు. మేనేజరు రెండు చేతులూ ఎత్తి, ఇంతే పడం, పుస్తకంలో కూడా ఇంతే, మా ఇంట్లో పిల్లలు చదివారు అన్నాడు. అప్పుడు అమ్మ నావైపు తిరిగింది.

"రేయ్, నువ్వు గదా సదివింది. ఈయనకు సెప్పు, బుక్కులో ఏముండాది?"

ఇంత జీవితంలో నన్ను నిజం చెప్పమని అంతమంది కలిసి అడిగింది ఆ ఒక్కసారే. చెప్పి ఉంటే నాలుగు తిట్లు తినేవాణ్ణి, వారం రోజులు కుళాయి దగ్గర నవ్వులపాలయ్యేవాణ్ణి, పాప ఒక పూట ఏడ్చి ఉండేది, ఏడ్చాక మరుసటి ఆదివారం బస్సెక్కి ఉండేది. నేను కిందికి చూశాను. పాప నా నోటివైపే చూస్తోంది, కుళాయి దగ్గర చూసినట్టే.

"ఆఖరి రీలు రాలేదు," అన్నాను.

మేనేజరు నన్ను చూశాడు, నా వేలు పట్టుకున్న పిల్లను చూశాడు, ఏమనుకున్నాడో ఏమో, గొంతు తగ్గించి, అవును, బస్సులో రావాలి, ఇంకా రాలేదు అన్నాడు. మంచిమనిషి. మా ఇద్దరి మంచితనం కలిసి ఆ పిల్లకు తల్లి దగ్గర ఇంకో పది రోజులు లేకుండా చేసింది.

ఇక పాపకు రెండు కాపలాలు. పొద్దున వాకిట్లో అమ్మ కోసం, మధ్యాహ్నం బడి నుంచి వస్తూ సినిమాహాలు గేటు దగ్గర రీలు కోసం. ఆదివారం అన్న మళ్ళీ అడిగాడు, ఈసారి బతిమాలాడు. రీలు వచ్చినాక వస్తా, అమ్మ ఎట్ల వస్తాదో సూసి వస్తా అంది. అన్న ఒక చిన్నసంచిలో బట్టలు పెట్టుకుని, ఈసారి అక్కడే ఉండమన్నారని చెప్పి పోయాడు. ఉండమన్నారంటే ఏమిటో పెద్దవాళ్ళకు తెలుసు, అమ్మ ఆ రోజు వంట చేయలేదు. ఆ రోజైనా నేను ఆ పిల్లను కూర్చోబెట్టుకుని చెప్పలేదు. సందు దొరికినప్పుడల్లా మాటలు పెంచగలిగినవాడికి, ఉన్న మాట ఒకటి చెప్పడానికి సందు దొరకలేదు.

మంగళవారం మధ్యాహ్నం ఆ పిల్ల తానే పని చక్కబెట్టుకుంది. గేటు దగ్గర అడిగితే లాభం లేదని మెట్లెక్కి ఆపరేటరు గదికి పోయిందట. ఆయనకు మా నాటకం తెలియదు. రీలు డబ్బాలన్నీ వరసగా పేర్చి, ఒక్కొక్క డబ్బా మీద రాసిన అంకె చూపించి, మొదటి నుంచి చివరిదాకా పాపచేత లెక్కపెట్టించి, ఇంతే తల్లీ, ఇంకొకటి లేనేలేదు అని చెప్పి, మంచినీళ్ళు ఇచ్చి పంపించాడు. నేను షిఫ్టు దిగి వచ్చేసరికి పాప గడప మీద లేదు. లోపల ట్రంకుపెట్టె తెరిచి, నేను అద్దెకొట్టుకు తిరిగివ్వకుండా దాచిన ఏడో పుస్తకం తీసుకుని, గోడకు ఆనుకుని, ఆఖరి పుట మీద వేలు పెట్టి చదువుతోంది. రెండో తరగతి అరవం చదువు, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని, తప్పుపోతే మళ్ళీ వెనక్కి వచ్చి చదువుతోంది. నేను బిందె పట్టుకుని వాకిట్లోనే నిలబడిపోయాను. ఆ నాలుగు వరసలు చదవడానికి ఆ పిల్లకు ఎంతసేపు పట్టిందో నేను ఏమాత్రం పెంచకుండా చెప్పినా మీరు నమ్మరు. చదివి, పుస్తకం మూసి, నావైపు చూసింది.

"ఆయమ్మ రాలేదు సిన్నాయనా."

నేను తల ఊపాను.

"అయితే మనమే పోదాం."

బుధవారం పొద్దున మొదటి బస్సుకు నేను, పాప బయలుదేరాం. పాప కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా ఎదురొచ్చే బస్సులను చూస్తూనే ఉంది. ఆసుపత్రిలో వదిన మంచం వరండా చివర, వేపచెట్టు నీడ పడేచోట ఉంది. మమ్మల్ని చూసి లేచి కూర్చుంది, పాపను ఒళ్ళోకి లాక్కుని, ఎత్తు కొలిచిన దారం దిండు కింది నుంచి తీసి మళ్ళీ కొలిచి, అప్పుడే ఇంత పెరిగినావా అని నవ్వింది. పాప సినిమా కథంతా చెప్పింది. పత్తి మబ్బులు, దులపని ఆకుముక్కలు, మూపురం లేని ఎద్దు, అన్నీ మామ గొంతుతో, అత్త గొంతుతో చెబుతుంటే వార్డులో నలభై మంచాలవాళ్ళు దగ్గులు ఆపుకుని విన్నారు. ఆఖరున ఏమైందని వదిన అడిగింది. వాన పడింది అంది పాప. మంచిదే కదా, వాన పడితే అందరికీ మంచిదే కదా అని వదిన తన జడలోని కనకాంబరాలు తీసి పాప జడలో తురిమింది. పాప చిటికెన వేలితో వాళ్ళమ్మ కనురెప్పలు తుడిచింది, అక్కడ నూగేమీ లేకపోయినా. సాయంత్రం దాకా ఉన్నాం. రెండు రోజుల తరవాత వదిన పోయింది.

ఇదంతా జరిగి చాలా కాలమయింది. మిల్లు మూతపడింది, లైను ఇళ్ళు పడగొట్టారు, ఎవరి ఇంట్లో వాళ్ళకు కుళాయి వచ్చింది, నీళ్ళకోసం గంటసేపు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చునే పని తప్పింది. మా పిల్లల పిల్లలకు తెలుగు వినపడితే అర్థమవుతుంది కానీ నోటికి రాదు. సినిమా ముగింపు అందరికీ ముందే ఫోనులో తెలిసిపోతోంది, బాగుందంటే బాగుందనీ లేదంటే లేదనీ మైకులో చెప్పేసి బండి తీసుకుని పోతున్నారు. కథలో తల్లి ఇంటికి రాలేదని నలభైమంది ఒక్కరూ లేవకుండా కూర్చునే జనం ఇక పుట్టరేమోననిపిస్తుంది. నేను కథలు చెప్పడం మానలేదు, ఆ జబ్బు పోయేది కాదు. పిల్లలకు చెప్పేటప్పుడు మాత్రం ముగింపు దగ్గర ఆగి, వాళ్ళ మొహం చూసి, పుస్తకంలో ఎలా ఉంటే అలాగే చెబుతున్నాను.

ఇప్పుడు చెప్పాలి, ఇందులో నేను కల్పించింది ఏదో. మీసాలూ తాళాలూ మీకు తెలిసినవే, అవి అబద్ధాల్లోకి రావు. నేను కల్పించింది ఆ వరండా, ఆ వేపచెట్టు, ఆ మంచం. మేము బస్సు దిగేసరికి అన్న ఆసుపత్రి గేటు బయటే నిలబడి ఉన్నాడు, ఒక చేతిలో వదిన బట్టల సంచి, ఇంకో చేతిలో ఆమె లోటా. తెల్లవారుజామునే అయిపోయిందట. పాప మా అన్న మొహం చూడలేదు, ఆ లోటానే చూసింది.

తరవాత ఎన్నో ఏళ్ళకు, మదురైలో మా బంధువుల పెళ్ళిలో ఎవరో వదిన మాట ఎత్తితే, నాకు తెలియకుండానే ఆ వరండాను, ఆ వేపచెట్టును కట్టి చెప్పడం మొదలుపెట్టాను. అప్పటికి పాపకు ఇద్దరు పిల్లలు. పక్కనే కూర్చుని వింటోంది. ఇప్పుడు అందరిముందూ లేచి, సిన్నాయనా అది అబద్ధం అంటుందనుకున్నాను. ఆమె అనలేదు. నేను తడబడి ఆగినచోట, నావైపు చూడకుండా, ఒళ్ళో నిద్రపోతున్న పిల్ల జుట్టు సవరిస్తూ, "అమ్మ నా జడలో కనకాంబరాలు పెట్టింది గదా, అది మరిచిపోయినావు," అంది.

కనుక ఆ ఘట్టమంతా నాదే. ఆ పూలు మాత్రం నావి కావు.